హెడ్‌సెట్ కొత్తదే... గొంతెందుకు నూతిలోంచి?

ఉద్యోగాల ఇంటర్వ్యూలు జూమ్‌లోకీ టీమ్స్‌లోకీ మారాక నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. ‘మంచి బ్లూటూత్ హెడ్‌సెట్ కొన్నానండీ. పాటలు అదిరిపోతున్నాయి. ల్యాప్‌టాప్‌లో ఇంటర్వ్యూకి కూర్చుంటే మాత్రం నా గొంతు నూతిలోంచి వస్తున్నట్టుందంటున్నారు. షాపుకెళ్లి పీసు మార్చమననా?’ అని.

వెళ్లకండి. మార్చినా అదే కథ!

బ్లూటూత్‌లో పాటలకో దారి, మాటలకో దారి. పాటల దారి పేరు ఏ2డీపీ. విశాలంగా ఉంటుంది కానీ వన్‌వే. కంప్యూటర్ నుంచి చెవికి రావడమే తప్ప మైకు నుంచి వెనక్కి వెళ్లే వీలుండదు. అందుకే మైకు ఆన్ కాగానే కంప్యూటర్ హ్యాండ్స్‌ఫ్రీ అనే రెండో దారికి మారిపోతుంది. ఇది ఫోన్‌కాల్స్ కోసం పుట్టిన ఇరుకు సందు. పాటల్లో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిస్తే, ఇక్కడ పాత పద్ధతిలో 8,000 సార్లే. కాస్త మెరుగైన ఎంఎస్‌బీసీ ఉంటే 16,000.

8,000 సార్లు కొలిస్తే 4,000 హెర్ట్జ్ దాటిన శబ్దం అందులో పట్టదు. మన ‘స’కారం బలమంతా చాలావరకు ఆ పైనే. ఫోన్‌లో మెయిల్ ఐడీ చెప్పేటప్పుడు ‘ఎస్ ఫర్ సీత, ఎఫ్ ఫర్ ఫ్యాన్’ అని తంటాలు పడేది అందుకే. జవాబు తెలిసిన కుర్రాడు కూడా మూడుసార్లు ‘సారీ, మళ్లీ చెప్తారా’ అనిపించుకుంటే ఉన్న ధైర్యం కాస్తా జారిపోతుంది. నాకు బాధనిపించేది అక్కడే.

పైసా ఖర్చులేని ఉపాయం ఉంది. వినడానికి హెడ్‌సెట్, మాట్లాడటానికి ల్యాప్‌టాప్ సొంత మైకు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లోకి వెళ్లి ఇన్‌పుట్ దగ్గర ల్యాప్‌టాప్ మైకు ఎంచుకోండి. అవుట్‌పుట్‌లో హెడ్‌సెట్‌నే ఉంచండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. జూమ్, టీమ్స్ లోపల మైకు సెట్టింగ్ విడిగా ఉంటుంది, అక్కడా మార్చాలి. హెడ్‌సెట్ మైకుతో పని లేదు కాబట్టి బ్లూటూత్ పాటల దారిలోనే ఉండిపోతుంది. అవతలివాళ్ల గొంతూ మీకు శుభ్రంగా వినిపిస్తుంది. శబ్దం చెవిలోనే ఉంది కనుక ఎకో బెడదా లేదు.

ఒకటే చిక్కు. ల్యాప్‌టాప్ మైకు సీలింగ్ ఫ్యాన్ రొదనీ, వంటింట్లో కుక్కర్ విజిల్‌నీ కూడా పట్టేస్తుంది. ఆ అరగంట ఫ్యాన్ ఆపండి, తలుపేసుకోండి. ఇల్లు మరీ సందడిగా ఉంటే మైకున్న పాత వైరు ఇయర్‌ఫోన్స్ బయటకు తీయండి. ఇంటర్వ్యూ అంటే నేనైతే వైరునే నమ్ముతాను. మధ్యలో చార్జింగ్ అయిపోతుందన్న బెంగైనా ఉండదు.

కొత్తది కొనేవాళ్లకు ఒక మాట. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియోలో ఈ రెండు దారుల గొడవ చాలావరకు తీరుతుంది. కాకపోతే డబ్బా మీద ‘బ్లూటూత్ 5.3’ అని చూసి మురిసిపోకండి. ఎల్‌ఈ ఆడియో అని విడిగా రాసి ఉండాలి, ల్యాప్‌టాప్‌లోనూ ఆ సదుపాయం ఉండాలి. విండోస్ 11 బ్లూటూత్ డివైసెస్ పేజీలో ‘యూజ్ ఎల్‌ఈ ఆడియో వెన్ అవైలబుల్’ అనే మీట కనిపిస్తే ఉన్నట్టే. కనిపించకపోతే సొంత యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే హెడ్‌సెట్ చూడండి. కొనేముందు షాపులోనే మీ ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఓ నిమిషం గొంతు రికార్డు చేసుకుని వినండి.