సబర్ అంటే నోరు మూసుకోవడం కాదు

మన ఇళ్లలో పిల్లల చెవిన ఎక్కువగా పడే మాటల్లో సబర్ ఒకటి. పడి మోకాలు చెక్కుకుపోయినా సబర్. దోస్తులు ఆటలోకి రానివ్వకపోయినా సబర్. క్లాసులో ఎవడో "నువ్వు పాకిస్తానోడివి" అన్నా సబరే. "జానే దే బేటా, సబర్ కర్, కిసీకు నక్కో బోల్" అని అమ్మీ తల నిమురుతుంది. అబ్బా ఆ మాత్రం కూడా నిమరడు. "మర్ద్ బచ్చా రోతా క్యా?" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

తెలుగూ తక్కువేం తినలేదు. ఏడ్చే పిల్లను ఓదార్చేటప్పుడు "ఊరుకో" అంటాం, ఎదురు మాట్లాడే పిల్లను కసిరేటప్పుడూ "ఊరుకో" అంటాం. బడిలో ఉర్దూ, డిగ్రీలో తెలుగు చదివిన నాకు, రెండు జబాన్లూ సరిగ్గా ఇక్కడే చేతులు కలపడం చూస్తే దిగులేస్తుంది.

నా రాయ్ సూటిగా చెప్తాను. సబర్ పేరుతో మనం పిల్లలకు నేర్పుతున్నది చాలాసార్లు ఖౌఫ్. ఖౌఫ్ తిని పెరిగిన పిల్లలకు హౌస్లా ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఖుర్ఆన్‌లో సబర్‌కి పెద్ద మిసాల్ హజ్రత్ యాకూబ్ అలైహిస్సలామ్. యూసుఫ్‌ను తోడేలు తినేసిందని కొడుకులు వచ్చి చెప్పినప్పుడు ఆయన నోట వచ్చిన మాట సబ్రె జమీల్, అందమైన ఓర్పు. అదే యాకూబ్ బిడ్డ కోసం కుమిలి కుమిలి కళ్లు తెల్లబడిపోయాయి. తన గమ్ అంతా అల్లాహ్‌తో మొరపెట్టుకున్నారు. యూసుఫ్‌ను వెతకమని, ఆశ వదులుకోవద్దని కొడుకుల్ని మళ్లీ పంపారు. కన్నీళ్లు, మొర, కోషిష్ అన్నీ ఆ సబర్‌లో ఉన్నాయి. ఒక పైగంబర్ కన్నీళ్లు సబర్‌కి అడ్డం కానప్పుడు, ఎనిమిదేళ్ల పిల్లాడి కన్నీళ్లు ఎలా అడ్డమవుతాయి?

ఖౌలా బిన్తె సాలబా సంగతి కూడా చూడండి. భర్త ఆమెను "నువ్వు నాకు తల్లితో సమానం" అని దూరం పెట్టాడు. జాహిలియా కాలపు ఆ జుల్మ్ మీద ఆమె నేరుగా రసూలుల్లాహ్ దగ్గరికి వెళ్లి వాదించింది. ఆమె ఫిర్యాదును అల్లాహ్ విన్నాడన్న మాటతోనే ఖుర్ఆన్ 58వ సూరా మొదలవుతుంది. దాని పేరే అల్ ముజాదిలా, వాదించిన స్త్రీ. ఈ సూరాను పిల్లలకు నాజిరా చదివించి, ఇంట్లో ఆడపిల్ల నోరు తెరిస్తే "జబాన్ చలాతీ క్యా?" అంటున్నాం.

భయపెట్టి పెంచితే ఏమవుతుందో ఇబ్నె ఖల్దూన్ 1377లో రాసిన ముఖద్దిమాలోనే చెప్పాడు. కఠినంగా అణచిపెట్టిన పిల్లల్లో హుషారు చచ్చిపోతుందని, దెబ్బ తప్పించుకోవడానికి అబద్ధం, మోసం అలవాటు చేసుకుంటారని, చివరికి అదే వాళ్ల స్వభావమైపోతుందని ఆయన వాదన. మార్కుల కాగితం దాచేసే పిల్లాడిని చూసి "ఝూటా" అని తిట్టే ముందు ఇది గుర్తు తెచ్చుకోవాలి.

"మీరు రాసేస్తారు భాయ్, రేపు మా పిల్లాడు తిరిగి జవాబిస్తే ముందుగా పేరు పడేది మావాడికే కదా" అని అడిగే వాలిదైన్ ఉన్నారు. ఆ ఫికర్ ఊరికే పుట్టింది కాదు. ఈ రోజుల్లో మన పిల్లల గొంతు కాస్త పెరిగినా వేరేగా వినబడుతుందని నాకూ తెలుసు. అందుకే జవాబుకీ ఝగ్డాకీ తేడా ఇంట్లోనే నేర్పాలంటాను. "నేను ఇక్కడే పుట్టాను. నన్ను అలా పిలవకు. మళ్లీ అంటే టీచరుకి చెప్తాను." ఈ మూడు వాక్యాల్లో తిట్టు లేదు, చెయ్యెత్తడం లేదు. అమ్మీ ముందు నాలుగుసార్లు అని చూసుకుంటే క్లాసులో గొంతు వణకదు. అయినా ఆగకపోతే స్కూలుకి వెళ్లి అదబ్‌తో, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాల్సింది మనం. ఆ బరువు కూడా పిల్లాడి మీదే వేసి సబర్ అనడం ఇన్సాఫ్ కాదు.

అమెరికాలోని హవాయిలో కవాయి అనే దీవి ఉంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే పరిశోధకురాలు, ఆమె సాథీలు దశాబ్దాల పాటు గమనించారు. గరీబీ, ఇంట్లో గొడవలు, తాగుడు వంటి కష్టాల్లో పెరిగిన పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది నిబ్బరంగా, బాధ్యతగా ఎదిగారు. వాళ్లలో కనిపించిన ముఖ్యమైన విషయం, తమను పట్టించుకునే పెద్ద మనిషి కనీసం ఒక్కరైనా ఉండటం. అమ్మ కావచ్చు, నానీ కావచ్చు, టీచరు కావచ్చు. అంటే దౌలత్ లేని ఇంట్లో కూడా ఇవ్వగలిగిన సొత్తు ఇది.

పిల్లల మాటకు విలువివ్వడం మనకు కొత్తా? రసూలుల్లాహ్ ఒకసారి గిన్నెలోది తాగి, కుడివైపున్న వాళ్లకు అందించాలి. కుడివైపు ఒక చిన్న పిల్లాడు, ఎడమవైపు పెద్దలు. ముందు పెద్దలకివ్వనా అని ఆయన ఆ పిల్లాడి ఇజాజత్ అడిగారు. ఆ బర్కత్ వదులుకోనన్నాడు పిల్లాడు. గిన్నె పిల్లాడి చేతికే ఇచ్చారు. సహీ బుఖారీలోని హదీస్ ఇది. పెద్దల మెహ్ఫిల్‌లో ఒక బచ్చా "కాదు" అంటే ఎవరి ఇజ్జతూ పోలేదు.

ఇది ఏదో తర్బియత్ ముచ్చట అనుకోకండి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్కో ఇంటి కథ ఒక్కోటి, బయటినుంచి తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. కానీ "కిసీకు నక్కో బోల్" అని పదిహేనేళ్లు విన్న పిల్లలు, చెప్పి తీరాల్సిన రోజున కూడా చెప్పరు. మనసు మరీ బరువెక్కితే టెలిమానస్ నంబరు 14416 ఉంది. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు ఇంట్లో గోడ మీద రాసి పెట్టండి, షర్మ్ పడాల్సిందేమీ లేదు.

మిగతాది దస్తర్‌ఖాన్ దగ్గర మొదలుపెట్టండి. "కిత్నే మార్క్స్ ఆయే?" అన్న సవాల్ రేపటికి ఆపి, "ఈరోజు నిన్ను ఎవరైనా ఏమైనా అన్నారా? నువ్వేమన్నావ్?" అని అడగండి. అడిగాక, జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో సబర్ అనకండి. ఆ కాసేపు సబర్ చేయాల్సింది మనమే.