అక్షరములో నొక భాగము

ఈ యేటి సంచిక అట్టకై ఒక విద్యార్థి ‘తెలుగు’ అను మాటను కుంచెతో వ్రాసి, కంప్యూటరు చేత దాని అంచులను గీతలుగా మార్పించెను. వ్రాత ముచ్చటగానే యున్నది. ‘గు’లోని కొమ్ము మాత్రము మిక్కిలి సాగినది. అతడు అక్షరమునంతయు పట్టి కుదింపగా తలకట్టు సైతము చిక్కిపోయెను. పిమ్మట దానిని చెరిపి మరల వ్రాసెను. మొదటి సొంపు మరల రాలేదు.

తప్పు కొమ్మునం దుండగా శిక్ష తలకట్టునకేల? ఇట్టి చిత్రమందు గీత సిరా కాదు. నోడులను బిందువుల వరుస. రెండు నోడుల నడిమి వంపును వాని హ్యాండిళ్లు శాసించును. 1960 ప్రాంతమున ఫ్రాన్సులో సిట్రోయెన్ వారి ద కాస్తెల్జో, రెనో వారి బెజియే మోటారుబండ్ల వంపులకై సాధించిన గణితమే నేడు మన ‘ళ’కారమునకును ఆధారము.

ఇంక్‌స్కేపునందు బాణపు గుర్తు అక్షరమునంతను పట్టును. ‘ఎన్’ మీట నొక్కి నోడు పనిముట్టు తీసికొన్నచో భాగమును పట్టవచ్చును. కొమ్ము చుట్టును పెట్టె గీసి అచటి నోడులనే ఎన్నుకొని జరుపవలెను. ఎన్నుకొనని నోడులు కదలవు. అయితే కుంచెగీతకు లోపలియంచు, వెలుపలియంచు రెండును గలవు. ఒకదానినే జరిపినచో గీత దారమగును. ఈ పొరపాటు మేమును చేసితిమి. యంత్రము తానై గీసినపుడు నోడులను లెక్కకు మించి చల్లును. వానిలో అనవసరమైనవానిని తీసివేయుట సగము పని. (మాలో నొకరికి నేటికిని కాగితము, రబ్బరే ప్రియము.)

సిద్ధముగా అక్షరములు దొరకుచుండగా ఈ శ్రమ యెందులకని కొందరు తల్లిదండ్రు లడుగుదురు. 1998లో సైబర్ టవర్సు వెలసిన నాటినుండి ఈ మాదాపూరు ప్రాంతమున కంప్యూటరు పనికి కొదువలేదు. కాని ఇచటి బోర్డులమీద అడ్డముగా సాగదీయబడిన తెలుగక్షరములను చూడుడు. చోటు చాలనపుడు ఏ భాగమును ముట్టవలెనో ఎరుగనివారి పని యది. గుత్తుల పురుషోత్ కుమారుగారు రూపొందించిన ‘మండలి’ లిపిని సిలికానాంధ్రవారు మార్చుకొను స్వేచ్ఛతో సహా ఉచితముగా నిచ్చిరి. ఆ స్వేచ్ఛ నోడు పట్టనేర్చినవానికే అక్కరకు వచ్చును.

ఇంక్‌స్కేపునకు వెల లేదు. కంప్యూటర్లు మన పాఠశాలలో నున్నవి. వారమునకొక డ్రాయింగు గంటను తెలుగక్షరముల దిద్దుబాటునకు విడువవలెనని ప్రధానోపాధ్యాయులవారిని కోరుచున్నాము. మొదటి పాఠమునకు ఆ ‘గు’నే యుంచితిమి.