ఏడిస్తే తప్పేముంది?

ఆళ్లగడ్డలో మా మిత్రుడి నాన్న పోయి అప్పటికి నెల కాలేదు. ఇంటికి పెద్దకొడుకు. ‘నువ్వే ఇలా అయిపోతే అమ్మనెవరు చూస్తారు? ఏడవకు’ అన్నారు చుట్టాలు. నేనూ అదే అన్నాను. అంతే... కంటతడి పెట్టలేదు. రాతిని దేవుడిగా మలిచే శిల్పులున్న ఊళ్లో మావాడు మాత్రం రాయైపోయాడు. తిండి లేదు, నిద్ర లేదు.

ఏటా గుడ్‌ఫ్రైడేకి నాన్నతో కలిసి నంద్యాల హోలీక్రాస్ కెథడ్రల్‌కి వెళ్లేవాడు. ఆసారి నేను తోడు వెళ్లాను. సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటల గురించి ప్రసంగాలు... మేకులు, ముళ్లకిరీటం, కొరడా దెబ్బలు. బయటికొచ్చాక మావాడు అడిగాడు: ‘ఒంటినొప్పి సరే, ఆయనకి మనసులో దిగులు కూడా ఉండేదంటావా?’

ఇది పాత ప్రశ్నే. ఇటలీలో పుట్టిన సన్యాసి థామస్ ఆక్వినాస్ (1225-1274) దీని మీద పేజీలకు పేజీలు రాశాడు. దేవుడిగా ఏసుకు బాధ అంటదు, మనిషిగా మాత్రం నిజంగానే అనుభవించాడన్నది ఆయన మాట. మేకుల నొప్పి ఒకటి, లోపలి దుఃఖం మరొకటి. మనుషుల పాపాలు, శిష్యుల తడబాటు... అన్నీ ఆ మనసును కోశాయట. అంటే, దిగులుపడటం దానంతటదే పాపం కాదు!

దుఃఖానికి మందులూ చెప్పాడు ఆక్వినాస్, ‘సుమ్మా థియోలాజికా’లో. ఏమిటంటారా? సంతోషమిచ్చే పని, కన్నీళ్లు, స్నేహితుల ఓదార్పు, సత్యచింతన, చివరికి నిద్ర, స్నానం! లోపల మూసిపెట్టిన బాధ మరింత గుచ్చుతుంది, ఏడిస్తే బయటికి పోతుందన్నాడు. పక్కన స్నేహితుడుంటే బరువు పంచుకున్నట్టుంటుంది. అంతకన్నా, నన్ను ప్రేమించేవాళ్లున్నారని తెలియడమే పెద్ద ఊరట.

ఆయనకంటే ఎన్నో వందల ఏళ్ల ముందు, 387లో తల్లి మోనికా పోయినప్పుడు అగస్టీన్ కూడా ఏడుపు ఆపుకున్నాడు. స్నానం చేశాడు, తగ్గలేదు. నిద్రపోయి లేచాక కాస్త తేలికపడింది. అప్పుడు, ఒంటరిగా, తనివితీరా ఏడ్చాడు.

తిరుగు బస్సులో ఇదంతా చెప్పాను. ఆళ్లగడ్డ దగ్గరపడుతుండగా మావాడు ‘నాన్న...’ అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు, ఏడుపొచ్చింది. నేనేమీ అనలేదు. రుమాలిచ్చానంతే.

ఈసారి ఎవరింటికైనా పరామర్శకు వెళితే ‘ఏడవకు’ అనకండి. కాసేపు పక్కన కూర్చోండి, చాలు.