అమెరికా వెళ్ళే పెద్దలకు ఒక మాట



కూతురికి పురుడు పోయడానికి అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు మన పల్లెల్లోనూ ఉన్నారు. ఆరు నెలలు ఉంటాం గదా, అక్కడ బ్యాంకు ఖాతా తెరవవచ్చునా అని వారి సందేహం.

తెరవవచ్చును. విజిటర్ వీసా వారికి ఖాతా ఇవ్వరాదని అక్కడి చట్టం చెప్పదు. పేరు, పుట్టిన తేదీ, నివాసపు చిరునామా, గుర్తింపు సంఖ్య బ్యాంకు తప్పక అడుగుతుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని విదేశీయుల విషయంలో పాస్‌పోర్టు నంబరు తీసుకోవచ్చునని 2003 నుండి నిబంధన ఉంది. పన్ను లెక్కలో మీరు విదేశీయులని తెలిపే డబ్ల్యూ-8 బెన్ ఫారం కూడా నింపాలి.

అయితే ఖాతా ఇచ్చేదీ మానేదీ బ్యాంకు ఇష్టం. ఒకచోట కాదంటే మరొకచోటికి స్వయంగా వెళ్ళి అడగండి. అంతేగాని, పని జరగాలని అల్లుడి నంబరు మీదిగా రాయించకండి. అది అబద్ధపు సంతకమే.

ఇంకొకటి చాలామంది మరచిపోతారు. ఇక్కడే స్థిరంగా ఉండేవారు ఆ ఖాతాను, అందులో వంద డాలర్లే ఉన్నా, మన ఆదాయపు పన్ను రిటర్నులో చూపించాలి.

కనుక బయలుదేరకముందే ఇంట్లో అందరూ కూర్చుని, ఆ ఖాతా నిజంగా అవసరమా అని ఆలోచించుకోండి. చిన్న ఖర్చులకు ఇక్కడి బ్యాంకు కార్డే సరిపోవచ్చును.