ఆ వచనంతో ఎవరిని బెదిరిస్తున్నారు?

సంఘం లెక్కలు అడిగినవాడికి పరిశుద్ధాత్మ దూషణ. స్వస్థత సభలో లేచి నడిచిన మనిషి మర్నాడే మళ్లీ మంచం ఎందుకు పట్టాడని అడిగినామెకు పరిశుద్ధాత్మ దూషణ. ఒక మందిరం మానేసి పక్క వీధి మందిరానికి వెళ్లిన కుటుంబానికీ అదే. మన తెలుగు సంఘాల్లో కొందరు బోధకులు మైకు పట్టుకుని ఈ మాట ఎంత తేలిగ్గా విసురుతున్నారో వింటుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. పరిశుద్ధాత్మను దూషించినవాడికి ఎన్నటికీ క్షమాపణ లేదు: యేసు నోట వచ్చిన మాటల్లో అంత భయంకరమైనది ఇంకోటి లేదు. దాన్ని కానుకలు రాబట్టడానికీ, నోళ్లు మూయించడానికీ వాడుతున్నారు. విశ్వాసిని కాబట్టే అంటున్నాను, ఇది వాక్యద్రోహం.

మార్కు సువార్త మూడో అధ్యాయం తెరవండి. అక్కడ యేసు మాట్లాడుతున్నది ఎవరితో? యెరూషలేము నుంచి దిగివచ్చిన శాస్త్రులతో. ధర్మశాస్త్రం కంఠతా వచ్చినవాళ్లు, ఎవరు పవిత్రులో ఎవరు అపవిత్రులో తేల్చే పెద్దరికం ఉన్నవాళ్లు. దయ్యాలు పట్టి నలిగిపోయిన మనుషులు బాగుపడుతున్నారని ఎరిగి కూడా అదంతా దయ్యాల అధిపతి బయెల్జెబూలు పనే అన్నారు. కళ్లెదుటి మేలును సాతానుకు అంటగట్టారు. హెచ్చరిక పడింది వాళ్ల మీద. ఎందుకు పడిందో 30వ వచనంలో మార్కే రాశాడు: యేసుకు అపవిత్రాత్మ పట్టిందని వాళ్లు అన్నందుకు. మన ప్రసంగాల్లో 29వ వచనం ఉరుముతుంది, 30వది వినపడదు. 28వది అసలే వినపడదు. మనుషులు చేసే పాపాలకూ పలికే దూషణలకూ క్షమాపణ ఉందని యేసు తలుపులు బార్లా తెరిచింది అక్కడే కదా! మతపెద్దల మీదికి వచ్చిన మాటను, ఏ పెద్దరికమూ లేని కూలి మనిషి మీదికి తిప్పడం ఎంత దుర్మార్గం!

ఈ బెదిరింపు మొండివాళ్లను ఏమీ చేయదు. భక్తీ భయమూ ఉన్న పిల్లలనే అది పీక్కుతింటుంది. ప్రార్థనకు మోకరించగానే దేవుణ్ణి తిట్టే మాట ఒకటి మనసులోకి దూసుకొస్తుంది. తోసేసినకొద్దీ మళ్లీ వస్తుంది. ఆ పాపం చేసేశాను, ఇక నాకు నరకమే అని తిండి మానేస్తారు, నిద్ర మానేస్తారు. వైద్యులు దీన్ని ఓసీడీ అనే మానసిక రుగ్మతలో ఒక రకంగా గుర్తుపడతారు. చికిత్స ఉంది. అలాంటి పిల్లవాణ్ణి డాక్టరు దగ్గరికి పంపాల్సింది పోయి, ఏ రహస్య పాపం చేశావో ఒప్పుకో అని గద్దించేవాడు కాపరి ఎలా అవుతాడు? ‘యాత్రికుని ప్రయాణము’ రాసిన జాన్ బన్యన్ కూడా ఈ బాధ పడ్డవాడే. క్రీస్తును అమ్మేయమనే తలపు రేయింబవళ్లు వెంటాడి, చివరికి ఒకనాడు దానికి లొంగిపోయానని, జ్యేష్ఠత్వం అమ్ముకున్న ఏశావులా తనకిక దారి లేదని ఏళ్ల తరబడి కుమిలిపోయాడు. 1666లో అచ్చయిన తన ఆత్మకథలో అదంతా దాచకుండా రాశాడు. పాపం చేశానేమో అని ఏడ్చేవాడికీ ఆ శాస్త్రులకూ పోలికే లేదు. వాళ్లు ఏడవలేదు, భయపడలేదు. చివరి శ్వాస దాకా పశ్చాత్తాపానికి ఒప్పుకోని మొండితనమే ఆ పాపమని ప్రాచీన సంఘ పండితుడు అగస్టీను అర్థం చెప్పాడు. ఆ లెక్కన, ఊపిరి ఉన్న ఏ మనిషికైనా నీ పని అయిపోయిందని తీర్పు చెప్పే హక్కు ఏ పాస్టరుకూ లేదు.

క్షమాపణ ఎవరికి ఉందన్న ఈ తగువు సంఘం ఎప్పుడో చూసింది. 250 ప్రాంతంలో రోమా చక్రవర్తి డెసియస్, అందరూ దేవతలకు బలి అర్పించి పత్రం తెచ్చుకోవాలని ఆజ్ఞ వేశాడు. ప్రాణభయంతో ఎందరో క్రైస్తవులు లొంగారు. హింస తగ్గాక వాళ్లు ఏడుస్తూ తిరిగొస్తే, చేర్చుకోవడానికి వీల్లేదన్నాడు రోములో నొవేషియన్ అనే సంఘపెద్ద. పశ్చాత్తాపపడినవాళ్లకు దారి ఉండి తీరాలన్నాడు కార్తేజి బిషప్పు సిప్రియన్. సంఘం సిప్రియన్ పక్షాన నిలిచింది. క్రీస్తునే కాదన్నవాళ్లకు దారి దొరికినప్పుడు, కానుకల లెక్క అడిగినవాడికి లేదని చెప్పడానికి మీరెవరు?

నన్ను ఇంతకన్నా ఎక్కువ కాల్చే అన్యాయం ఇంకోటుంది. ప్రశ్నించినవాడికి క్షమాపణ లేదనే ఈ నోళ్లే, తాగొచ్చి కొట్టే మొగుణ్ణి క్షమించమ్మా అంటాయి. నువ్వు క్షమించకపోతే పరలోకపు తండ్రి నిన్నూ క్షమించడని మత్తయి ఆరో అధ్యాయం తీసి చూపిస్తాయి. కమిలిన చెంపతో ఆమె తలూపుతుంది. అతను నాలుగు కన్నీటి బొట్లు రాల్చి సాక్ష్యం చెబుతాడు. రాత్రికి మళ్లీ అదే. సుంకరి జక్కయ్య ఇలాగే తప్పించుకున్నాడా? ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ తర్వాతే. దావీదు రాజని కూడా చూడకుండా నాతాను ప్రవక్త ముఖం మీదే నేరం ఎత్తిచూపాడు. దావీదుకు క్షమాపణ దొరికింది, అయినా తన సైనికుడు ఊరియాను చంపించిన కత్తి ఆ ఇంటిని విడవలేదు.

పసిపిల్లల విషయంలో ఇంకా ఘోరం. మందిరంలోనో హాస్టల్లోనో ఒక పిల్ల మీద చెయ్యి పడితే, పెద్దలు కూర్చుని సంఘం పరువు పోతుందంటారు, క్షమించి మరిచిపొమ్మని కన్నవాళ్లకు నచ్చజెబుతారు. 2012 నాటి పోక్సో చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం, సంగతి తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెడితే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. సంఘ పెద్దలకు మినహాయింపేమీ లేదు. ఆ పిల్ల క్షమిస్తుందా, ఎప్పుడు క్షమిస్తుంది అన్నది ఆ పిల్ల ఇష్టం. ఆమె తరఫున క్షమించడానికి మీకు ఏ అభిషేకమూ అధికారం ఇవ్వలేదు. పంచాయితీ ఆపి ముందు పోలీస్ స్టేషన్‌కు నడవండి. ఆ తల్లిదండ్రులకు తోడు కావాలంటే నేనొస్తాను.