అడ్వైజర్ భుజం మీద కాకి

టోటల్ వార్: వార్‌హ్యామర్ ఆడే నలుగురు ఒకచోట చేరితే గొడవ ఒక్కదాని మీదే. ఆ ముసలాయన ఎవరు?

ఆడనివాళ్ల కోసం చెప్తా. 2016లో వచ్చిన ఫాంటసీ స్ట్రాటజీ గేమ్ ఇది. మ్యాప్ మీద రాజ్యం నడపాలి, యుద్ధాలు మనమే చేయించాలి. మొదటి టర్న్ నుంచీ చేతికర్ర పట్టుకుని ఒక ముసలాయన మన వెంట ఉంటాడు. కథ చెప్పేది ఆయనే, ముందు ఏ ఊరు కొట్టాలో చెప్పేదీ ఆయనే. పేరు మాత్రం చెప్పడు. అందరూ అడ్వైజర్ అంటారు. భుజం మీద ఓ కాకి ఉంటుంది.

మా ఆర్కే బీచ్ బ్యాచ్‌లో దీని మీద రెండు పార్టీలు. పాపం పెద్దాయన, ఆట నేర్పడానికి పెట్టారంతే అని ఒక పార్టీ. "ఏటి అంతే? ఆ కాకిని చూడరా!" అని రెండోది. ఎందుకంటే వార్‌హ్యామర్ లోకంలో కుట్రలకి ఒక దేవుడున్నాడు, పేరు జీంచ్. ఆయన దగ్గరుండే పెద్ద భూతాలన్నీ పక్షి రూపంలోనే ఉంటాయి. ఇక అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

నాదీ రెండో పార్టీయే. కానీ నా అనుమానం కాకి మీద కాదు. డ్వార్ఫుల రాజుగా ఆడితే ముసలాయన మన మనిషి. గేమ్ మళ్లీ మొదలెట్టి వాంపైర్ల తరఫున ఆడితే అప్పుడూ మన మనిషే. ఎవరు గెలిచినా ఆయనకి పర్లేదు, యుద్ధం ఆగకపోతే చాలు అన్నట్టుంటుంది. "వాయిస్ ఆర్టిస్టు ఖర్చు కలిసొస్తుందని ఒకడితోనే కానిచ్చారు" అన్నాడు మావాడొకడు. కావచ్చు. కానీ కథలోకి దిగాక, ఆయన పేరేంటి అన్నదానికంటే మనం ఆయన మాట వింటే ఆయనకి ఏం వస్తుంది అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న మనకి కొత్త కాదు. చందమామలో ప్రతి నెలా విక్రమార్కుడి భుజం మీద శవం కథ చెప్పేది. అందులో ఉన్నది భేతాళుడు. చివర్లో అతను చెట్టెక్కేస్తాడు, మళ్లీ నెల ఇంకో కథ. అందుకే మనలో చాలామందికి అసలు ముగింపు తెలీదు. పాత కథలో చివరికి భేతాళుడే రాజుకి చెప్తాడు, నిన్ను పంపిన భిక్షువు నిన్నే బలివ్వబోతున్నాడు అని. భిక్షువు పన్నాగం పారకూడదన్నది భేతాళుడి కోరిక. రాజుకి కావాల్సిందీ అదే. ఇద్దరి లాభం ఒకవైపే ఉంది. అందుకే శవంలోంచి వచ్చిన మాటైనా ప్రాణం కాపాడింది.

ఇంకో కథ కథాసరిత్సాగరం మొదట్లో ఉంటుంది. శివుడి గణాల్లో ఒకడైన మాల్యవంతుడు శాపం తగిలి గుణాఢ్యుడిగా పుట్టి, శాతవాహన రాజు కొలువులో చేరాడు. మన తొట్లకొండ తవ్వకాల్లో నాణేలు దొరికిన శాతవాహనుల పేరే అది. బృహత్కథ లోకమంతా పాకితే ఆయన శాపం తీరుతుంది. అంటే చెప్పేవాడికి లాభం ఉంది, కానీ వినేవాడికి పోయేదేమీ లేదు. రాజు అది చూడలేదు. పైశాచి భాష, సిరా బదులు నెత్తురు అని తిప్పికొట్టాడు. గుణాఢ్యుడు ఒక్కో పుట జంతువులకి చదివి వినిపిస్తూ మంటలో వేశాడు. రాజు వచ్చేసరికి 7 లక్షల శ్లోకాల్లో మిగిలింది లక్షే.

కాబట్టి చెప్పేవాడు దాక్కున్నంత మాత్రాన దొంగ కాదు. అతని లాభం మన నష్టంలోంచి వస్తోందా అన్నది చూడాలి. అడ్వైజర్ అక్కడే ఫెయిల్. మనకి యుద్ధం ముగియాలి, ఆయనకి సాగాలి.

గేమ్ గొడవలా అనిపిస్తోందా? వైజాగ్‌లో ఇది ఇంటి గొడవ. 2021 జనవరిలో స్టీల్ ప్లాంట్‌ని ప్రైవేటుకి ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఈ మధ్యలో వాట్సాప్‌లో ఎన్ని వాయిస్ నోట్లో! "లోపలి మనిషిని చెప్తున్నా, ప్లాంట్ అయిపోయింది, గాజువాక వైపు రేట్లు పడిపోతాయి, ఉన్న స్థలం ఇప్పుడే అమ్ముకోండి." ఆ గొంతు ఎవరిదో మనం ఎప్పటికీ కనిపెట్టలేం. ఆ భయంతో నాన్న స్థలం తక్కువకి అమ్మేస్తే కొనేదెవరు అని మాత్రం ఇంట్లో అడగొచ్చు. సంతకం పెట్టకముందే అడగాలి.

ఇక ముసలాయన సంగతి. ఆయన మంచోడే అని నమ్మేవాళ్లుంటే ఒక పని చేయండి. రెండు శత్రు రాజ్యాలతో మొదటి పది టర్న్‌లు ఆడి, రెండుచోట్లా ఆయన ఎవర్ని కొట్టమన్నాడో పక్కపక్కన రాసుకోండి. తర్వాత వాదిద్దాం.