ఏ ఆకు క్యాన్సర్‌ను చంపింది? ఎక్కడ చంపింది?

జనగామ పెరళ్ళలో, మహబూబాబాద్, భూపాలపల్లి ఇళ్ళ ముందు పూసే బిళ్ళగన్నేరును మీరు చూసే ఉంటారు. 1958లో కెనడా శాస్త్రజ్ఞులు నోబుల్, బీర్ దాని ఆకుల నుంచి విన్‌బ్లాస్టిన్ తీశారు. నిజానికి వాళ్ళు వెదికింది మధుమేహానికి మందు! ఎలుకల్లో చక్కెర తగ్గలేదు గాని తెల్లరక్తకణాలు తగ్గాయి. అక్కడ పట్టుకున్నారు తీగ.

“ఫలానా ఆకు క్యాన్సర్‌ను చంపింది” అని పత్రికలో చదివితే, ఎక్కడ చంపిందని అడగండి. గాజుపళ్ళెంలోనా? పసుపుపచ్చని ఎం.టి.టి. కలిపితే బతికున్న కణాలు దాన్ని ఊదారంగుకు మారుస్తాయి. రంగు తగ్గితే కణాలు చచ్చినట్టు. బ్లీచింగు పొడి వేసినా చస్తాయి గదా! మంచి కణాలు బతికాయా అన్నదే అసలు ప్రశ్న. తర్వాత జంతువులు, ఆపైన మనుషులు, ఏళ్ళు పడుతుంది.

ఈలోగా వార్త నమ్మి ఆసుపత్రి మానితే? బిళ్ళగన్నేరు ఆకు నమిలితే విషమే. డాక్టరు మోతాదు కొలిచి రక్తనాళంలోకి ఎక్కించేది అందులోంచి వేరుచేసిన మందును.